రాడ్డా, మెషీనా? మీ జిమ్‌లో మీరే తేల్చుకోవడం ఎలా

జిమ్‌లో చేరిన మొదటి వారంలోనే ఈ వాదన మీ చెవిన పడుతుంది. ఒక ట్రైనర్ "మెషీన్ల మీద ఎంత చేసినా అసలు బలం రాదు, రాడ్డు పట్టాల్సిందే" అంటాడు. ఇంకొకాయన "రాడ్డు జోలికి వెళ్తే నడుము పోతుంది, ఆరు నెలలు మెషీన్ల మీదే చేయండి" అంటాడు. ఇరవై ఏళ్ల కుర్రాడు అడిగినా, మోకాళ్ల నొప్పితో వచ్చిన అరవై ఏళ్ల పెద్దావిడ అడిగినా ఇద్దరి జవాబూ మారదు. అక్కడే నాకు పేచీ. ఈ ప్రశ్నను జిమ్ మొత్తానికి కలిపి ఒకేసారి వేస్తే తెగదు. ఒక్కో కదలికకు విడిగా వేసుకోవాలి. కూర్చుని లేవడానికి ఒక జవాబు వస్తుంది, భుజాలకు మరొకటి, తొడ వెనుక కండరాలకు ఇంకొకటి. వాటిని ఎలా రాబట్టుకోవాలో వరసగా చూద్దాం.

ముందే ఒక మాట. కండ పెరగడం వరకే మీ లక్ష్యమైతే రెండింటికీ చెప్పుకోదగ్గ తేడా లేదని ఇటీవలి పరిశోధనలు తేల్చాయి. బలం విషయంలో మాత్రం దేనితో సాధన చేస్తే దానిలో ఎక్కువ పెరుగుతుంది. లెగ్ ప్రెస్ (కూర్చుని కాళ్లతో పలకను నెట్టే మెషీన్) చేసేవాళ్లకు లెగ్ ప్రెస్‌లో, స్క్వాట్ (బరువు పట్టి కూర్చుని లేవడం) చేసేవాళ్లకు స్క్వాట్‌లో. కాబట్టి ఏది ఎంచుకున్నా మీ కష్టం వృథా పోదు. రక్తపోటు, గుండె జబ్బు, హెర్నియా, ఈమధ్యే జరిగిన ఆపరేషన్ లాంటివి ఉంటే మాత్రం రెండింటిలో దేన్నీ డాక్టర్‌ను అడగకుండా మొదలుపెట్టకండి.

1. బరువు ఎత్తే ముందు జిమ్‌ను తూచండి

మొదటి రోజు రద్దీ లేని వేళ, ఒక చిన్న పుస్తకం పట్టుకుని వెళ్లండి. ముందు రాడ్ల సంగతి చూడండి. పోటీల్లో వాడే రాడ్డు (బార్‌బెల్) మగవాళ్లకు 20 కిలోలు, ఆడవాళ్లకు 15 కిలోలు ఉంటుంది. కాలనీ జిమ్‌లలో ఉండే రాడ్లకు ఆ లెక్క సరిపోదు. పొడవును బట్టి, మందాన్ని బట్టి వాటి బరువు మారిపోతుంది. జిమ్‌లో మనుషుల బరువు చూసే మిషన్ ఉంటుంది కదా, దాని మీద ఒకసారి ఉత్తచేతులతో, మరోసారి రాడ్డు పట్టుకుని ఎక్కండి. తేడా రాసుకోండి. "రాడ్డు బరువు లెక్కలోకి రాదు" అని ఎవరైనా అంటే నవ్వి ఊరుకోండి. మీ నడుముకు అది లెక్కలోకి వస్తుంది.

తర్వాత మెషీన్ల దగ్గరకు వెళ్లండి. కేబుల్‌ను పైనుంచి కిందికి చూడండి. పోగులు లేచి ఉంటే, పై తొడుగు చిట్లి ఉంటే దాన్ని ముట్టుకోకండి. ఎన్ని ప్లేట్లు లేవాలో నిర్ణయించే పిన్ అసలుదేనా, లేక అది పోతే ఏ బోల్టో దూర్చి నడిపిస్తున్నారా చూడండి. బోల్టు ఉంటే ఆ మెషీన్ మీకు లేనట్టే. సీటు పైకీ కిందికీ కదులుతోందా, ఒకేచోట బిగుసుకుపోయిందా చూడండి. బిగుసుకుపోతే ఆ మెషీన్ సరిగ్గా ఒకే ఎత్తున్న మనిషికి తప్ప పనికిరాదు.

చివరగా, బరువును ఒక్క మెట్టు పెంచాలంటే ఎంత పెరుగుతుందో రాసుకోండి. 1.25 కిలోల ప్లేట్లు జత ఉంటే రాడ్డు మీద 2.5 కిలోలు పెంచవచ్చు. డంబెల్స్ సాధారణంగా 2.5 కిలోల తేడాతో ఉంటాయి, అంటే రెండు చేతులకు కలిపి 5. మెషీన్ల పిన్ ఒక్క మెట్టు దించితే చాలాచోట్ల 5 కిలోలు. ఈ అంకెలు ఇప్పుడు పనికిరానట్టు అనిపించినా కింద నాలుగో అంశంలో వీటితోనే పని.

2. తేడాను మీ చేతులతో తెలుసుకోండి

చెస్ట్ ప్రెస్ మెషీన్ మీద కూర్చుని తేలికపాటి బరువుతో పది సార్లు నెట్టండి. రెండు నిమిషాలు ఆగి, బెంచీ మీద పడుకుని తేలికైన డంబెల్స్‌తో అదే కదలిక పది సార్లు చేయండి. రెండోసారి చేతులు అటూ ఇటూ ఊగుతాయి. మెషీన్‌లో బరువు ఏ దారిన వెళ్లాలో తయారు చేసినవాడు ముందే నిర్ణయించాడు, మీరు నెట్టడమే. డంబెల్‌కు దారి చూపించాల్సింది మీరే. ఆ పనికి కొంత బలం ఖర్చవుతుంది, అందుకే మెషీన్ మీద ఎక్కువ బరువు లేస్తుంది.

ఇది లోపమా, సుగుణమా అన్నది మీ పనిని బట్టి ఉంటుంది. ఛాతీ కండరాన్ని అలిసేదాకా వాడుకోవాలంటే ఊగుడు అడ్డం. నిండు గ్యాస్ సిలిండర్‌ను గుమ్మం నుంచి వంటింట్లోకి తేవాలంటే ఊగుడును అదుపు చేయడమే సగం పని. దాదాపు 30 కిలోలు ఉండే ఆ సిలిండర్‌కు పట్టాలూ ఉండవు, మెత్తని సీటూ ఉండదు.

ఇంకొక తేడా అంతగా కంటికి కనిపించదు. డంబెల్ బరువు ఎప్పుడూ నిట్టనిలువుగా కిందికే లాగుతుంది. చేతులను పక్కలకు ఎత్తే లాటరల్ రైజ్‌లో మొదట్లో భుజానికి భారమే తెలియదు, చేయి నేలకు సమాంతరంగా వచ్చేసరికి ఒక్కసారిగా బరువెక్కుతుంది. కేబుల్‌తో చేస్తే మొదటినుంచే లాగుతుంది. దారి పొడవునా భారం కండరానికి తగ్గట్టు ఉండాలనే ఉద్దేశంతోనే అమెరికాలో ఆర్థర్ జోన్స్ 1970లో నాటిలస్ మెషీన్లను అమ్మకానికి తెచ్చాడు. వాటిలో చక్రం గుండ్రంగా కాకుండా నత్తగుల్లలా వంపు తిరిగి ఉండేది. అంతకు చాలాముందే, 19వ శతాబ్దంలో, స్వీడన్ వైద్యుడు గుస్టావ్ జాండర్ చికిత్స కోసం వ్యాయామ యంత్రాలు చేయించాడు. మెషీన్లు సోమరుల కోసం పుట్టాయని వెక్కిరించేవాళ్లకు ఈ సంగతి చెప్పవచ్చు.

అటువైపు కథ మనకు మరీ దగ్గర. తాలింఖానాల్లో దండీలు, బస్కీలు తీసినవాళ్లకూ, ఉత్తరాంధ్రలో పండగకు సంగిడి రాళ్లు ఎత్తేవాళ్లకూ మెషీన్ తెలియదు. శ్రీకాకుళం జిల్లా నుంచి వచ్చిన కరణం మల్లీశ్వరి 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో 69 కిలోల విభాగంలో స్నాచ్‌లో (ఒకే ఊపులో తల మీదికి ఎత్తడం) 110, క్లీన్ అండ్ జెర్క్‌లో (ముందు భుజాలకు, తర్వాత తల మీదికి ఎత్తడం) 130, మొత్తం 240 కిలోలు ఎత్తి కాంస్యం తెచ్చింది. ఆ రెండు ఎత్తుల్లో వేగం, సమయం, పట్టు అన్నీ కలిసి ఉంటాయి. వాటిని ఏ మెషీనూ నేర్పలేదు. అయితే మీరు జిమ్‌కు వచ్చింది ఆ పోటీ కోసం కాకపోతే, "ఆమె రాడ్డే కదా ఎత్తింది" అన్న వాదన మీకు వర్తించదు.

3. కదలికలు రాసుకోండి

ఛాతీ రోజు, వీపు రోజు అని కాకుండా కదలికలుగా రాయండి. కూర్చుని లేవడం. నడుము నిటారుగా ఉంచి ముందుకు వంగి ఎత్తడం. ముందుకు నెట్టడం. ముందు నుంచి లాగడం. తల మీదికి ఎత్తడం. పైనుంచి కిందికి లాగడం. వీటికి బరువు మోస్తూ నడవడం కలిపితే ఒంటికి కావలసినది దాదాపు అంతా వచ్చినట్టే. చేతులు, పిక్కలు, తొడ వెనుక భాగానికి విడిగా చేసేవి ఆ తర్వాత.

4. ఒక్కో కదలికకు మూడు ప్రశ్నలు వేయండి

మొదటి ప్రశ్న: చివరి రెప్ (ఒకసారి ఎత్తి దించడం ఒక రెప్) లేవకపోతే ఏమవుతుంది? పిన్ ఉన్న మెషీన్ మీద ఏమీ కాదు, వదిలేస్తే ప్లేట్లు టంగుమంటాయి, అంతే. రాడ్డుతో బెంచ్ ప్రెస్ (బెంచీ మీద పడుకుని పైకి నెట్టడం) చేస్తుండగా లేవకపోతే రాడ్డు మీ ఛాతీ మీద ఉంటుంది. రాడ్డును నిలిపే ర్యాక్‌కు అడ్డ కమ్మీలు లేని జిమ్‌లో, పక్కన పట్టుకునే మనిషి లేకుండా, ఒంటరిగా బరువైన బెంచ్ ప్రెస్ చేయకండి. ఈ ఒక్క విషయంలో నేను బతిమాలడానికైనా సిద్ధం. డంబెల్స్‌తో చేయండి, రెండు పక్కలకూ దించేయవచ్చు. లేదా మెషీన్ మీద చేయండి.

రెండో ప్రశ్న: వచ్చే వారం ఎంత పెంచగలను? ఒక అమ్మాయి ఒక్కో చేత్తో 7.5 కిలోల డంబెల్స్‌ను తల మీదికి ఎత్తుతోందనుకోండి. తర్వాతి జత 10 కిలోలది. అంటే ఒక్కసారిగా మూడో వంతు పెంపు. కాళ్లకైతే 2.5 కిలోలు లెక్కలోనిది కాదు, భుజాలకు అది గోడ. చాలామంది ఆడవాళ్లు నెలల తరబడి అదే డంబెల్ దగ్గర ఆగిపోయేది ఇందుకే, బలం పెరగక కాదు. ఇలాంటి చోట రాడ్డుకు 1.25 ప్లేట్ల జత తగిలించడం మేలు. అదీ లేకపోతే పాత బరువుతోనే పదిహేను రెప్‌ల దాకా వెళ్లి, ఆ తర్వాత పై జతకు మారండి. కొన్ని మెషీన్లకు పిన్ మెట్టులో సగం పెంచే చిన్న బిళ్ల ఉంటుంది. మీ జిమ్‌లో ఉందేమో వెతకండి.

మూడో ప్రశ్న: అలసట అనుకున్న చోటికే వస్తోందా? వీపు కోసం వంగి రాడ్డును లాగుతుంటే వీపు కంటే ముందు నడుము అలిసిపోతోందనుకోండి, ఆ వ్యాయామం మీ నడుముకు జరుగుతోంది. ఛాతీకి ఆనుకునే దిమ్మ ఉన్న రోయింగ్ మెషీన్‌కు మారితే వీపుకు పని దొరుకుతుంది. తొడ వెనుక కండరాలను మోకాలు మడిచి పని చేయించడానికి డంబెల్స్‌తో మంచి మార్గం లేదు, లెగ్ కర్ల్ మెషీనే గతి. పైనుంచి కిందికి లాగడం కూడా అంతే. పుల్‌అప్ (కమ్మీకి వేలాడి ఒంటిని పైకి లాక్కోవడం) ఒక్కటి కూడా రానివాళ్లకు లాట్ పుల్‌డౌన్ (కూర్చుని పైనున్న కమ్మీని కిందికి లాగే మెషీన్) లేకుండా ఆ కదలికే ఉండదు.

ఈ మూడు ప్రశ్నలూ వేశాక ఎక్కువమందికి వచ్చే జాబితా ఇలా ఉంటుంది: కూర్చుని లేవడానికి డంబెల్, వంగి ఎత్తడానికి డంబెల్ లేదా రాడ్డు, లాగడాలు రెండింటికీ మెషీన్, నెట్టడానికి ఏదైనా, తొడ వెనుకకు మెషీన్, మోస్తూ నడవడానికి చేతికో డంబెల్. మీ జాబితా వేరుగా వస్తే మీ జాబితానే నమ్మండి.

5. మెషీన్‌ను మీ ఒంటికి అమర్చుకోండి

మెషీన్ల మీద జరిగే తప్పుల్లో అధిక భాగం సీటు దగ్గరే జరుగుతాయి. ముందు కూర్చున్నవాళ్లు వదిలిన ఎత్తులోనే కూర్చుని మొదలుపెట్టేస్తాం.

లెగ్ ఎక్స్‌టెన్షన్ (కూర్చుని మోకాళ్లు చాచేది), లెగ్ కర్ల్ లాంటివాటిలో మెషీన్ తిరిగే ఇరుసు పక్కన ఒక గుండ్రటి బోల్టో, రంగు చుక్కో కనిపిస్తుంది. మీ మోకాలి కీలు సరిగ్గా దానికి ఎదురుగా రావాలి. వీపు దిమ్మను ముందుకో వెనక్కో జరిపి ఆ వరస కుదిరాకే పిన్ పెట్టండి. కుదరకపోతే దిమ్మ మీ కాలి మీద జారుతూ మోకాలిని పక్కదారిలోకి తోస్తుంది.

చెస్ట్ ప్రెస్‌లో పిడులు ఛాతీ మధ్యకు రావాలి. భుజాల ఎత్తులో ఉంటే సీటు పైకి లేపండి. లాట్ పుల్‌డౌన్‌లో తొడల మీది దిమ్మ బిగువుగా ఉండాలి, లేకపోతే బరువు పెరిగేకొద్దీ మీరే సీటు మీంచి లేస్తారు. కమ్మీని మెడ వెనక్కి కాకుండా ఛాతీ పైభాగానికి లాగండి.

లెగ్ ప్రెస్‌లో చూడాల్సింది నడుము. పలకను కిందికి దించుతున్నప్పుడు ఒకచోట తుంటి దిమ్మ మీంచి లేవడం మొదలవుతుంది. మీ దారి అక్కడికే ముగిసింది. ఇంకా కిందికి దించితే భారం నడుము మీద పడుతుంది. పైకి నెట్టాక మోకాళ్లను టక్కున బిగించకండి. ఆపే పిడి ఎక్కడుందో మొదటి రెప్‌కు ముందే చేత్తో తాకి చూసుకోండి.

సీటు అంకె, దిమ్మ అంకె పుస్తకంలో రాసుకుంటే మరుసటిసారి అర నిమిషంలో సిద్ధం కావచ్చు.

6. ఫ్రీ వెయిట్లను (రాడ్డు, డంబెల్స్) చిన్నవాటితో నేర్చుకోండి

రాడ్డును భుజాల మీద పెట్టుకుని స్క్వాట్ మొదలుపెట్టనక్కర్లేదు. ఒక డంబెల్‌ను రెండు చేతులతో ఛాతీకి దగ్గరగా నిలువుగా పట్టుకోండి. పాదాలు భుజాల వెడల్పున, వేళ్లు కొద్దిగా బయటికి. తొడలు నేలకు సమాంతరం అయ్యేదాకా కూర్చుని లేవండి. మడమలు లేవకూడదు. ముందున్న బరువు మిమ్మల్ని వెనక్కి పడకుండా నిలుపుతుంది కాబట్టి వీపు దానంతటదే నిటారుగా ఉంటుంది. చిన్నప్పుడు గొంతుక్కూర్చోవడం అందరికీ వచ్చు. ఏళ్ల తరబడి కుర్చీల్లో కూర్చున్నాక చీలమండలు బిగుసుకుపోతాయి. అలాంటివాళ్లు మడమల కింద సన్నని ప్లేట్లు పెట్టుకుని మొదలుపెట్టవచ్చు. వెనకాల ఒక బెంచీ ఉంచుకుని దాన్ని తాకి లేస్తే లోతు ప్రతిసారీ ఒకేలా ఉంటుంది.

వంగి ఎత్తడానికి ఒక కర్ర కావాలి. చీపురు కర్ర చాలు. దాన్ని వెన్ను వెంట నిలువుగా పట్టుకుంటే తల వెనుక, భుజాల మధ్య, తోక ఎముక దగ్గర, మూడు చోట్లా తాకాలి. ఆ మూడూ వదలకుండా, మోకాళ్లను కొద్దిగా మడిచి, తుంటిని వెనక్కి తోస్తూ వంగండి. ఏదో ఒకచోట కర్ర వదిలిందంటే వీపు గుండ్రమైంది. కర్రతో పది రెప్‌లు తప్పు లేకుండా వచ్చాకే డంబెల్స్ పట్టుకోండి. నేల మీంచి రాడ్డు ఎత్తే డెడ్‌లిఫ్ట్ ఆ తర్వాతి పాఠం. చిన్న ప్లేట్లు వేస్తే రాడ్డు మరీ కిందికి ఉంటుంది, రెండు వైపులా దిమ్మలు పెట్టి ఎత్తు చేసుకోండి.

ఫోనును పక్కన నిలబెట్టి ఒక సెట్ (ఆగకుండా వరసగా చేసే రెప్‌లు) రికార్డు చేసుకోండి. అద్దంలో పక్కకు తల తిప్పి చూసుకుంటూ ఎత్తడం కంటే అది భద్రం. ఊపిరి బిగబట్టి ముక్కడం అలవాటైతే రక్తపోటు ఉన్నవాళ్లకు ప్రమాదం. ఎత్తేటప్పుడు ఊపిరి వదలండి.

7. వారానికి సర్దుకోండి

పెద్దలందరూ వారంలో కనీసం రెండు రోజులు కండరాలకు బలమిచ్చే వ్యాయామం చేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. మొదలుపెట్టేవాళ్లు రెండు రోజులతో మొదలుపెట్టి మూడుకు వెళ్లడం బాగుంటుంది. ప్రతి రోజూ వరస ఒకటే: ఒళ్లు వేడెక్కకముందే బరువు పట్టకుండా మొదట అయిదు నిమిషాలు నడక, తర్వాత ఫ్రీ వెయిట్లు, ఆ తర్వాత మెషీన్లు. నిలకడ కావలసిన పనులు ఒంట్లో ఓపిక ఉన్నప్పుడే చేయాలి. అలసిపోయాక కూడా మెషీన్ మీద కదలిక చెడదు.

ఉదాహరణకు సోమవారం డంబెల్ స్క్వాట్, డంబెల్‌తో తల మీదికి ఎత్తడం, లాట్ పుల్‌డౌన్, లెగ్ కర్ల్. గురువారం వంగి ఎత్తడం, చెస్ట్ ప్రెస్, రోయింగ్, చివర డంబెల్స్ పట్టుకుని నడక. ఒక్కోటి మూడు సెట్లు, ఎనిమిది నుంచి పన్నెండు రెప్‌లు. పెద్ద కదలికల మధ్య రెండు మూడు నిమిషాలు, చిన్నవాటి మధ్య నిమిషంన్నర విశ్రాంతి.

ఫ్రీ వెయిట్లతో ఇంకో రెండు రెప్‌లు చేయగలను అనిపించినప్పుడే ఆగండి. మెషీన్ మీద చివరి సెట్‌ను ఇక లేవదు అనే దాకా తీసుకెళ్లవచ్చు. నా లెక్కలో మెషీన్‌కు ఉన్న అసలైన విలువ ఇదే, జిమ్‌కు ఒంటరిగా వెళ్లేవాళ్లకు మరీ ముఖ్యంగా. మూడు సెట్లలోనూ పన్నెండు వచ్చాయంటే తర్వాతిసారి ఒక మెట్టు పెంచి ఎనిమిది నుంచి మళ్లీ మొదలుపెట్టండి.

8. అంకెలను కలపకండి

లెగ్ ప్రెస్‌లో 150 కిలోలు నెట్టిన కుర్రాడు 60 కిలోల స్క్వాట్ దగ్గర తడబడితే ఆశ్చర్యం లేదు. 45 డిగ్రీల వాలులో ఉన్న పలక మీద వేసిన బరువులో దాదాపు 70 శాతమే కాళ్ల మీదికి వస్తుంది. పైగా అక్కడ మీ ఒంటి బరువును మీరు మోయడం లేదు. కొన్ని కేబుల్ మెషీన్లలో కప్పీల అమరిక వల్ల పిన్ 20 దగ్గర ఉంటే చేతికి తగిలేది 10 మాత్రమే. స్మిత్ మెషీన్ (రాడ్డు నిలువు పట్టాల మీద కదిలేది) రాడ్డుకు లోపల ఎదురు బరువు కట్టి ఉంటే అది చేతికి తేలిగ్గా ఉంటుంది. అందుకే పుస్తకంలో ఒక్కో మెషీన్‌కు విడి పేజీ ఉంచండి. ఒక మెషీన్ అంకెను అదే మెషీన్ నిన్నటి అంకెతోనే పోల్చండి.

9. మినహాయింపులు

అరవై దాటినవాళ్లు, తూలే అలవాటు ఉన్నవాళ్లు మొదటి రెండు నెలలు మెషీన్లతో బలం కూడగట్టుకోవడం మంచిది. కానీ దాంతో పాటే కుర్చీలోంచి చేతులు ఆనించకుండా లేవడం రోజూ చేయాలి. తూలుడు తగ్గించే సాధన నిలబడి చేస్తేనే జరుగుతుంది. అపార్ట్‌మెంట్ జిమ్‌లో ఒక మల్టీ స్టేషన్ (చాలా మెషీన్లు ఒకేదానిలో కలిసి ఉండేది), నాలుగు జతల డంబెల్స్ మాత్రమే ఉన్నవాళ్లకు ఎంపిక బాధే లేదు. లాగడాలు స్టేషన్ మీద, మిగతావి డంబెల్స్‌తో. ఇంట్లో చేసేవాళ్లు ప్లేట్లు మార్చుకునే డంబెల్ జత ఒకటి కొనుక్కుని, ప్రతి సెట్‌కు ముందు మరలు బిగించి ఉన్నాయో లేదో చూసుకోవాలి. కింద రబ్బరు పరుపు వేయడం కింది అంతస్తువాళ్ల కోసం.

ఎత్తుతున్నప్పుడు కండరం మండడం మామూలే. కీలులో గుచ్చినట్టు నొప్పి వస్తే ఆ సెట్ అక్కడితో ఆపండి. అదే కదలికను రెండోదానితో, తక్కువ బరువుతో ప్రయత్నించండి. రాడ్డుతో భుజం నొచ్చినవాళ్లకు అరచేతులు ఒకదానికొకటి ఎదురుగా ఉండేలా డంబెల్స్ పట్టుకుంటే చాలాసార్లు సర్దుకుంటుంది. రెండింటితోనూ నొప్పి వస్తే ఫిజియోథెరపిస్ట్‌కు చూపించుకోండి.

ఊరు మారి వేరే జిమ్‌లో చేరితే రాడ్డు, డంబెల్ అంకెలు మీతో వస్తాయి, రాడ్డు ఒక్కటీ మళ్లీ తూచుకుంటే చాలు. మెషీన్ పేజీలు మాత్రం కొత్తవి తెరవాలి. మొదటి రోజు పాత అంకెలో సగం దగ్గర పిన్ పెట్టి, పన్నెండు రెప్‌లు ఎంత తేలిగ్గా వస్తున్నాయో చూస్తూ ఒక్కో మెట్టు దించండి. మూడు నాలుగు సెట్లలో మీ బరువు ఎక్కడుందో దొరుకుతుంది.